యానాం పెట్రోలు లెక్క

శనివారం బడి వదలగానే మా టీచర్లందరి బళ్ళూ కాకినాడ వైపు తిరిగితే, నా స్కూటీ ఒక్కటే యానాం వైపు తిరిగేది. మా బడి తాళ్ళరేవు మండలంలో, హైవే దిగి మూడు కిలోమీటర్లు లోపలికి వెళ్ళాలి. అక్కడి నుంచి యానాం బంకుకి రానూపోనూ ఇరవై కిలోమీటర్లు. వారానికి సరిపడా పెట్రోలు కొట్టించుకుని, ఓ ప్లేటు మిరపకాయ బజ్జీలు తిని, ఇల్లు చేరేసరికి ఏడున్నర. "ఈవిడ వెళ్ళేది పెట్రోలు కోసమా బజ్జీల కోసమా?" అని మా ఆయన వాళ్ళమ్మతో అంటుంటే విన్నాను. విననట్టు ఊరుకున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. యానాం మా మధ్యనే ఉంటుంది కానీ మాది కాదు. 1954 దాకా ఫ్రెంచివాళ్ళది, ఇప్పుడు పుదుచ్చేరిది. మొత్తం కలిపి ముప్పై చదరపు కిలోమీటర్లు. అంత చిన్న ఊళ్ళో అన్ని బంకులు ఎందుకున్నాయో ఇక్కడ ఎవరినడిగినా నవ్వుతారు. 2025లో కాకినాడలో లీటరు పెట్రోలు 109 రూపాయలు ఉండేది, కాస్త అటూ ఇటూ. యానాంలో 97. ఆ జనవరిలో అక్కడ వ్యాట్ (అమ్మకం మీద ప్రభుత్వం వేసే పన్ను) పెంచారు కాబట్టి 97, లేకపోతే ఇంకో రెండు రూపాయలు తక్కువే ఉండేది. పెంచిన రోజు మా స్టాఫ్ రూములో సంతాపం లాంటిది జరిగింది. మన రాష్ట్రంలో పెంచినా అంత బాధపడి ఉండం.

మొదట్లో ఇంత తేడా లేదు. 2021 దీపావళి ముందురోజు కేంద్రం పెట్రోలు మీద ఎక్సైజు 5 రూపాయలు, డీజిలు మీద 10 రూపాయలు తగ్గించింది. పుదుచ్చేరి తన వ్యాట్ కూడా తగ్గించింది. మన రాష్ట్రం తగ్గించలేదు, తెలంగాణా తగ్గించలేదు. అంతే, మర్నాటి నుంచి హైవే మీద ఆటోలు, ట్రాలీలు, రొయ్యల వ్యాన్లు అన్నీ యానాం దారి పట్టాయి. నేనూ పట్టాను.

మా స్టాఫ్ రూములో పెట్రోలు మాట ఎత్తితే చాలు, రెండు పార్టీలు తయారు. సోషల్ మాస్టారు ఒక పక్క, పీఈటీ మాస్టారు ఇంకో పక్క. ఒకాయన "కేంద్రం దోచుకుంటోందండీ" అంటారు. రెండో ఆయన "ఆయ్, రాష్ట్రం మాత్రం తక్కువ తిందా?" అంటారు. నేను లెక్కల టీచర్ని కాబట్టి తీర్పు చెప్పమని ఇద్దరూ నా వైపు చూస్తారు. తీర్పు చెప్తే ఆ రోజు టీ ఎవరూ తెప్పించరు. అందుకని తేదీలు మాత్రం చెప్తాను.

ఇక్కడ పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం. దాని పైన లీటరుకి 4 రూపాయలు, రోడ్ల సెస్సు ఇంకో రూపాయి. ఆ 4 రూపాయల కథ వినండి. 2015లో చంద్రబాబు ప్రభుత్వం వేసింది. ఎన్నికలు ఇంకో ఏడు నెలల్లో ఉన్నాయనగా 2018 సెప్టెంబరులో అదే ప్రభుత్వం సగానికి తగ్గించింది. 2020లో జగన్ ప్రభుత్వం మళ్ళీ 4కి తెచ్చి, సెస్సు రూపాయి కూడా కలిపింది. 2024లో ప్రభుత్వం మారింది, 4 మారలేదు. ఇంతవరకూ చెప్పేసరికి మాస్టార్లిద్దరూ పేపరు తీసి చదువుకుంటారు.

కేంద్రం సంగతీ అలాంటిదే. పెట్రోలు ధర మార్కెట్‌కి వదిలేశాం అని 2010లో చెప్పారు, డీజిలు 2014లో వదిలేశారు, 2017 జూన్ నుంచి ఏ రోజు ధర ఆ రోజే అన్నారు. బాగుంది. మరి ఆ మార్కెట్ ఎన్నికలప్పుడు నిద్రపోతుందేం? 2018లో కర్ణాటక ఓట్లప్పుడు పంతొమ్మిది రోజులు కదల్లేదు. 2021 నవంబరు నుంచి ఉత్తరప్రదేశ్ ఎన్నికలయ్యేదాకా నాలుగున్నర నెలలు కదల్లేదు, మధ్యలో యుక్రెయిన్ యుద్ధం మొదలై ముడిచమురు వంద డాలర్లు దాటినా సరే. ఫలితాలు వచ్చాయి. 2022 మార్చి 22న మెలకువ వచ్చింది. రోజుకి 80 పైసల దాకా పెంచుకుంటూ పదహారు రోజుల్లో 10 రూపాయలు పెరిగింది. 2024 మార్చిలో లోక్‌సభ షెడ్యూలు రావడానికి సరిగ్గా ముందు 2 రూపాయలు తగ్గింది. ఇంకోపక్క, 2020 లాక్‌డౌన్‌లో చమురు కొనే దిక్కులేక ధర పాతాళానికి పడితే, మనకి ధర తగ్గాల్సింది పోయి ఎక్సైజు ఒక్క దెబ్బకి పెట్రోలు మీద 10, డీజిలు మీద 13 పెరిగింది. పెరిగేటప్పుడు అంతర్జాతీయ మార్కెట్, తగ్గేటప్పుడు మన ఖజానా. మా అత్తగారు చీటీ పాట నడిపే పద్ధతే ఇది. ఆవిడకి చెప్పకండి.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గించినప్పుడు స్కూటర్ల మీద పన్ను 28 నుంచి 18కి దిగింది. బండి చవకైంది. బండి తాగేది జీఎస్టీలోనే లేదు కాబట్టి అలాగే ఉంది. 2021లో జీఎస్టీ కౌన్సిల్ లక్నో సమావేశంలో పెట్రోలుని లోపలికి తెద్దామనే మాట వస్తే రాష్ట్రాలు వద్దన్నాయి. పాలించే పార్టీ ఏదైనా ఆ ఒక్క విషయంలో అందరిదీ ఒకే మాట.

సరే, అసలు నా యానాం ప్రయాణం సంగతి. ఎనిమిదో తరగతికి లాభనష్టాలు చెప్తూ నా లెక్కే బోర్డు మీద రాశాను. ట్యాంకులో 5 లీటర్లు పడుతుంది. లీటరుకి 12 ఆదా, అంటే 60 రూపాయలు. వెళ్ళి రావడానికి 20 కిలోమీటర్లు, బండి మైలేజీ 45. యానాం ధరకే లెక్కేసినా 43 రూపాయల పెట్రోలు దారిలోనే కాలిపోతుంది. మిగిలేది 17. "బజ్జీలు ఎంతండి మేడమండీ?" అని వెనక బెంచీ నుంచి ఒకడు. వీడికెలా తెలిసింది? 30 అని చెప్పాను. క్లాసంతా నవ్వింది. వారానికి 13 రూపాయల నష్టం, ఇంత కాలం.

తర్వాత ఇంకొకడు లేచాడు. వాళ్ళ నాన్న లారీ తోలతాడు. "మా నాన్న ఒకేసారి రెండొందల లీటర్లు కొట్టిస్తాడండి. ఆయనకి లాభమేనండి." డీజిల్లో తేడా 10 రూపాయలనుకున్నా రెండువేలు. ఆ రోజు ఆ లెక్క నేను వాడి దగ్గర నేర్చుకున్నాను. చవక పెట్రోలు ఎవరికి చవక? ట్యాంకు పెద్దగా ఉన్నవాడికి. ఇంటిపనికి టీవీఎస్ మీద వెళ్ళే మా పనమ్మాయి వంద రూపాయల పెట్రోలు కొట్టించుకుని వెళ్తుంది. ఆమెకి యానాం దూరం.

అదే పిల్లలు ఇంకో ప్రశ్న అడిగారు, దానికి జవాబు చెప్పడం కష్టమైంది. మా మండలంలోనే గాడిమొగ ఉంది. సముద్రంలో తీసిన కేజీ-డీ6 (కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఒక బ్లాకు) గ్యాసు 2009 నుంచి అక్కడే ఒడ్డుకి వస్తోంది. కాకినాడకి ఎదురుగా ఓఎన్‌జీసీ కూడా 2024 జనవరి నుంచి లోతు సముద్రంలో నూనె తీస్తోంది. "మన ఊళ్ళోనే గ్యాసు కదండి, మా అమ్మ సిలిండర్‌కి తొమ్మిదొందలు ఎందుకు ఇస్తోందండి?" అది వేరే గ్యాసు నాయనా, అది మీథేను, సిలిండర్‌లోది ప్రొపేన్, బ్యూటేన్, అందులో సగానికి పైగా బయటి దేశాల నుంచి వస్తుంది అని చెప్పాను. కెమిస్ట్రీ సరిగ్గానే చెప్పాను. ఆ పిల్ల కూర్చుంది కానీ ముఖం చూస్తే ఒప్పుకున్నట్టు లేదు. వాళ్ళ నాన్న వేటకి వెళ్ళే సముద్రం అది. వంద కిలోమీటర్ల లోపే పాశర్లపూడి ఉంది. 1995లో అక్కడ బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. 2014లో మా కోనసీమలో నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపులైను పేలి మనుషులు, ఇళ్ళు కాలిపోయాయి. నేల కింద ఏముందో మా వైపు పిల్లలకి పుస్తకం చెప్పక్కర్లేదు.

ఇంకొక మాట ఒప్పుకోవాలి. నేను ప్రభుత్వ టీచర్ని. నా జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. ఆ ఖజానాకి పెద్ద రాబడుల్లో పెట్రోలు, డీజిలు వ్యాట్ ఒకటి. డీఏ బకాయిలు ఎప్పుడు పడతాయని సోమవారం నుంచి శుక్రవారం దాకా గోల పెట్టి, శనివారం వెళ్ళి యానాంలో ట్యాంకు నింపుకుంటున్నానన్నమాట. ఇది మా పీఈటీ మాస్టారు నాకు అంటించిన చురక. ఆయన బండీ యానాం పెట్రోలుతోనే నడుస్తుంది, కానీ చురక చురకే.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యింది కదా. స్కూటీ ఇంట్లో పెట్టేసి బస్సెక్కుతున్నాను. కండక్టరు ఆధార్ చూసి జీరో టికెట్ ఇస్తాడు. హైవే దగ్గర దిగి, బడి దాకా మూడు కిలోమీటర్లు ఆటో. ఇరవై రూపాయలు. ఆటో అతను మొదటి వారం నాతో సరిగ్గా మాట్లాడలేదు. హైవే మీద కాకినాడ వైపు ఎక్కే ఆడవాళ్ళంతా బస్సుల్లోకి వెళ్ళిపోయారు, సర్వీసు సగం పడిపోయింది. ఆ అక్టోబరులో ఆటోవాళ్ళ ఖాతాల్లో ప్రభుత్వం పదిహేనువేలు వేసింది. "పడ్డాయా?" అని అడిగాను. "పడ్డాయండి, ఫైనాన్సువాడు పట్టుకెళ్ళాడండి" అన్నాడు.

మొన్న గురువారం ఆటో మధ్యదారిలో ఆగిపోయింది. డీజిలు అయిపోయింది. పక్కనే, కిలోమీటరు దూరంలో, బంకు ఉంది. అక్కడ లీటరు కొట్టించుకోవచ్చుగా అన్నాను. "ఇక్కడా మేడమ్!" అని నన్ను ఎగాదిగా చూశాడు. వాళ్ళ తమ్ముడికి ఫోను చేశాడు, తమ్ముడు యానాం నుంచి వస్తున్నాడట, ఇంకో ఇరవై నిమిషాలు. ఫస్ట్ బెల్ కొట్టేశారు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచాను, డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.