వేయమన్నాను, నడపమనలేదు

పొద్దున చేతికి వచ్చిన పని చిన్నదే. కొత్త సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టి, పాత డేటా ఎక్కించేవాళ్లకు అప్పగించాలి. యంత్రంలో ఉన్నది డెబియన్ అనే లినక్స్ పంపిణీ. డేటా కోసం విడిగా ఒక డిస్కు తగిలించి ఉంది, ఫైళ్లన్నీ దాని మీదే పడాలి. అక్షరాల వరుసక్రమం ఏ లొకేల్ (భాష, ప్రాంతపు సెట్టింగు) ప్రకారం ఉండాలో, డేటా పేజీలు చెడిపోతే పట్టిచ్చే చెక్‌సమ్‌లు ఉండాలో వద్దో ముందే మాట్లాడుకున్నాం. ఇవన్నీ డేటాబేస్‌ను మొదటిసారి సృష్టించేటప్పుడే చెప్పవలసిన సంగతులు. తర్వాత మార్చడం అసాధ్యమేమీ కాదు గాని, మార్చేసరికి తల ప్రాణం తోకకు వస్తుంది.

డెబియన్‌లో పోస్ట్‌గ్రెస్ సర్వర్ ప్యాకేజీ వేయమంటే అది ఫైళ్లు దించి ఊరుకోదు. ‘మెయిన్’ అనే పేరుతో ఒక క్లస్టర్‌ను, అంటే ఒకే సర్వర్ నడిపే డేటాబేస్‌ల గుంపును, సృష్టిస్తుంది. ఆ క్లస్టర్ ఉండేది ప్యాకేజీ ఎంచుకున్న చోట, దాని లొకేల్ సిస్టమ్‌కు ఏది ఉంటే అది. దాన్ని 5432 పోర్టు మీద, అంటే కనెక్షన్లు వచ్చే ఆ నంబరు తలుపు దగ్గర, నడిపిస్తుంది. యంత్రం రీబూట్ అయితే మళ్లీ లేచేలా ఏర్పాటు చేసుకుంటుంది. మనం సెట్టింగుల ఫైలు తెరిచేలోపే డేటాబేస్ సర్వర్ ఒకటి పనిలో దిగిపోయి ఉంటుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ప్యాకేజీలకు ఆ పట్టింపు లేదు.

దీనికి విరుగుడు డెబియన్‌లోనే ఉంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-కామన్ అనే చిన్న ప్యాకేజీని ముందుగా వేయాలి. క్రియేట్‌క్లస్టర్ అనే సెట్టింగుల ఫైలులో మెయిన్ క్లస్టర్‌ను సృష్టించవద్దని ఒక పంక్తి రాయాలి. ఆ తర్వాతే అసలు సర్వర్‌ను వేయాలి. అదే చేస్తున్నాను. మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి పక్కన కూర్చుని చూస్తూ, "సర్వర్ నడవకూడదనుకుంటే సర్వర్ ప్యాకేజీ ఎందుకండీ వేస్తున్నారు?" అని అడిగింది.

డెబియన్ పద్ధతిని సమర్థించేవాళ్లు చెప్పే వాదనంతా ఆ ప్రశ్నలోనే ఉంది. వెబ్ సర్వర్ వేసుకున్న మనిషికి కావలసింది వెబ్ సర్వరే కదా, డిస్కు మీద పడి ఉండే ఫైళ్లు కావు కదా. వేసిన మరుక్షణం బ్రౌజర్‌లో పేజీ కనబడితే, కొత్తగా నేర్చుకునేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? పైగా ప్యాకేజీ తయారుచేసేవాళ్లు గుడ్డిగా ఏదీ లేపరు. పోస్ట్‌గ్రెస్, రెడిస్ లాంటి డేటాబేస్‌లు డెబియన్‌లో తమంతట తామే లేచినా 127.0.0.1 లాంటి లోపలి చిరునామాల మీద మాత్రమే వింటాయి, అంటే అదే యంత్రంలోని ప్రోగ్రాములకే అందుతాయి. బయటి నెట్‌వర్క్‌కు తలుపు తీయాలంటే మనం పూనుకుని సెట్టింగు మార్చాలి. ఇందులో తీసిపారేయవలసిన మాట ఒక్కటీ లేదు.

"నడవాలి, కాకపోతే నేను చెప్పాక నడవాలి" అన్నాను. ఆమెకు అది జవాబులా తోచలేదని ముఖం చూస్తేనే అర్థమైంది.

సర్వర్‌ను వేయడానికీ, దానికి మన సెట్టింగులు చెప్పడానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. అది అయిదు నిమిషాలు కావచ్చు, ఎవరైనా ఫోను చేస్తే గంట కావచ్చు. ఆ కాసేపూ యంత్రంలో నడిచేది మనం కోరుకున్న సర్వర్ కాదు, ప్యాకేజీ చేసినవాళ్లు ఊహించుకున్న సర్వర్. రెండూ ఒకటే అయిన రోజు మనకు తేడా తెలియదు. ఒక యంత్రంలో అపాచీ అనే వెబ్ సర్వర్ ముందునుంచే 80 పోర్టు మీద ఉందనుకుందాం. ఎన్‌జిన్‌ఎక్స్ అనే మరో వెబ్ సర్వర్‌ను 8080 మీద పెట్టాలన్నది మన ఉద్దేశం. అది ఎన్‌జిన్‌ఎక్స్‌కు ఎలా తెలుస్తుంది? లేస్తూనే 80 కావాలంటుంది, దొరకదు, పడిపోతుంది. ఇన్‌స్టాల్ చివర నడిచే స్క్రిప్టులో సర్వీసు లేవకపోవడాన్ని వైఫల్యంగా లెక్కిస్తే ఆ ప్యాకేజీ సగం అమరి, సగం అమరక మిగులుతుంది. ఇక ఆ తర్వాత ఏ ప్యాకేజీ వేయబోయినా అదే లోప సందేశం ఎదురవుతుంది. డెబియన్‌వాళ్లు ఎన్‌జిన్‌ఎక్స్ ప్యాకేజీలో దీనికి తర్వాత ఒక తనిఖీ పెట్టారు: 80 పోర్టులో ఇంకెవరైనా ఉంటే దాన్ని లేపే ప్రయత్నమే చేయదు. మంచి తనిఖీయే. కాని లేపడం ప్యాకేజీ బాధ్యత అనుకున్నందువల్లనే ఇలాంటి తనిఖీలు ఒక్కొక్కటిగా రాయవలసి వస్తోందని నా అభిప్రాయం.

"మీరు చెప్పేది సర్వర్ల సంగతి. నా లాప్‌టాప్‌కు ఈ బెడద లేదుగా" అంది ఆమె.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆ లాప్‌టాప్‌నే తెరిపించాను. దానిలో డెబియన్ నుంచి పుట్టిన ఉబుంటు ఉంది. ఏయే పోర్టుల మీద ఏ ప్రోగ్రాము వింటోందో చూపే ‘ఎస్‌ఎస్’ ఆదేశం ఇచ్చింది. జాబితా పొడవుగా ఏమీ లేదు. 127.0.0.53 మీద 53 పోర్టు: పేర్లను చిరునామాలుగా మార్చే సర్వీసు. 127.0.0.1 మీద 631: ప్రింటింగ్ చూసుకునే కప్స్. ఈ రెండూ లోపలి వ్యవహారాలు. తర్వాతి పంక్తిలో 0.0.0.0 అని ఉంది, పోర్టు 5353. దగ్గరలో ఉన్న ప్రింటర్లనూ ఇతర యంత్రాలనూ పేరు పెట్టి వెతికే అవాహి అది. 0.0.0.0 అంటే ఏ నెట్‌వర్క్‌కు తగిలించినా ఆ నెట్‌వర్క్ అంతటికీ వినబడుతుందన్నమాట. "ఇది నేను వేయలేదే" అంది. నిజమే, ఆమె వేయలేదు. డెస్క్‌టాప్‌తో పాటు వచ్చింది.

పొద్దున అడిగిన ప్రశ్న సగం ఇక్కడే వీగిపోతుంది. సర్వర్ ప్యాకేజీని కోరి వేసుకున్నవాడికి సర్వర్ కావాలని వాదించవచ్చు. కాని మన యంత్రాల్లో నడిచేవాటిలో మనం పేరు పెట్టి అడిగినవి ఎన్ని? ఒకటి అడిగితే దానికి కావలసినవంటూ కొన్ని, ఉంటే మంచిదంటూ మరికొన్ని వెంట వస్తాయి. వాటిలో సర్వీసులు ఉంటే అవీ లేస్తాయి. 2024 సెప్టెంబరులో బయటపడిన కప్స్-బ్రౌజ్డ్ లోపం ఇందుకు ఉదాహరణ. నెట్‌వర్క్‌లోని ప్రింటర్లను కనిపెట్టే ఆ సర్వీసు యూడీపీ (కనెక్షన్ కుదుర్చుకోకుండానే ప్యాకెట్లు పంపే పద్ధతి) 631 పోర్టును అన్ని వైపులకూ తెరిచి కూర్చునేది. బయటివాడు ఒక దొంగ ప్రింటర్‌ను పరిచయం చేస్తే నమ్మేది. యజమాని ఆ ప్రింటర్‌కు ఏదైనా పంపితే దాడి చేసినవాడి ఆదేశం అమలయ్యేది. అది తనంతట తాను లేచే డెస్క్‌టాప్‌లకు ముప్పు ముందునుంచే పొంచి ఉంది. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో డీఫాల్ట్‌గా లేవదు కాబట్టి, దాన్ని పని గట్టుకుని లేపనివాళ్లు ఆ వార్తను తీరిగ్గా చదువుకున్నారు. లోపం రెండుచోట్లా ఒకటే, ఒకచోట నడుస్తోంది, ఇంకోచోట నడవడం లేదు.

ఇంతకన్నా పెద్ద గొడవ 2003 జనవరి 25న జరిగింది. స్లామర్ అనే వర్మ్, అంటే తనంతట తాను యంత్రం నుంచి యంత్రానికి పాకే ప్రోగ్రాము. మొత్తం ఒకే ఒక్క యూడీపీ ప్యాకెట్, 376 బైట్లు, పోర్టు 1434. మొదట్లో సుమారు ఎనిమిదిన్నర సెకన్లకు ఒకసారి రెట్టింపవుతూ పోయింది. ప్రమాదంలో ఉన్న యంత్రాల్లో అత్యధిక భాగం పది నిమిషాల్లో దాని పాలైంది, మొత్తం 75,000కు తగ్గలేదు. అది కొట్టింది మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను. దానికి సవరణ ఆరు నెలల ముందే, 2002 జులైలో వచ్చింది. మరి అందరూ ఎందుకు వేసుకోలేదు? బద్ధకం ఒక కారణం. ఇంకొకటి మరీ చిత్రమైనది: తమ యంత్రంలో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉందని చాలామందికి తెలియదు. ఎంఎస్‌డీఈ అనే దాని చిన్న రూపాన్ని ఇతర సాఫ్ట్‌వేర్లు తమలో కలుపుకుని తెచ్చేవి. దేని కోసమో ఏదో వేసుకున్నారు, లోపల డేటాబేస్ సర్వర్ లేచి కూర్చుంది. నడుస్తోందని తెలియనిదానికి సవరణ ఎవరు వేస్తారు? ఇది లినక్స్ గొడవ, అది విండోస్ గొడవ అని విడదీసి చూడడం నాకు నచ్చదు. రెండుచోట్లా జరిగింది ఒకటే.

ఫెడోరా అనే మరో లినక్స్ పంపిణీలో పద్ధతి వేరు. ప్యాకేజీ వేస్తే సర్వీసు మామూలుగా లేవదు. ఏవి లేవవచ్చో ‘ప్రీసెట్’ ఫైళ్లలో ఒక జాబితా ఉంటుంది, జాబితాలో లేనివన్నీ ఆగి ఉండాలన్నది చివరి నియమం. ప్యాకేజీ తన గురించి తాను తీర్పు చెప్పుకోదు, ఆ తీర్పు పంపిణీ చేసేవాళ్లది. మనకు నచ్చకపోతే మన జాబితా మనం రాసుకోవచ్చు, అప్పుడు మన మాటే చెల్లుతుంది. నాకు ఈ ఏర్పాటే నచ్చుతుంది. అలాగని అన్నీ నిద్రపోవాలనను. గడియారం సరిచేసేది, లాగులు రాసేది, భద్రతా సవరణలు తెచ్చేది లేచి ఉండవలసినవే. వాటిని లేపడం మరిచిపోతే నష్టం మనకే. నెట్‌వర్క్ మీద వినేవి మాత్రం యజమాని చెప్పేదాకా ఆగాలి. ఫెడోరా పద్ధతిలో ఒక చికాకు ఉంది, దాచడం ఎందుకు. సర్వీసును ‘స్టార్ట్’ చేసి (ఇప్పటికి లేపి), ‘ఎనేబుల్’ చేయడం (రీబూట్ తర్వాత కూడా లేచేలా పెట్టడం) మరిచిపోయే మనుషులు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. నెలల తరబడి అంతా బాగానే నడుస్తుంది. ఒక అర్ధరాత్రి యంత్రం రీబూట్ అవుతుంది, సర్వీసు లేవదు, నిద్ర లేచేది మనం. ‘ఎనేబుల్’ పక్కన ‘నౌ’ అని చేరిస్తే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. అది వేళ్లకు అలవాటయితే ఈ బాధ ఉండదు.

సాకెట్ యాక్టివేషన్ సంగతి ఆమే ఎత్తింది. సర్వీసులను లేపి, ఆపే సిస్టమ్‌డీ పోర్టును పట్టుకుని ఉంటుంది, ఎవరైనా తలుపు తడితేనే అసలు సర్వీసు లేస్తుంది. మధ్యేమార్గంలా కనబడుతుంది గాని, తలుపు తెరిచే ఉంది కదా. మెమరీ ఆదా అవుతుంది, అనుమతి అడిగినట్టు కాదు. ఆమె లాప్‌టాప్‌లో అవాహి సర్వీసును ఆపితే, దాని సాకెట్ ఇంకా దాన్ని లేపగలదని సిస్టమ్‌డీయే హెచ్చరించింది. రెండూ ఆపింది. కాసేపటికి ప్రింటర్ కనబడక మళ్లీ రెండూ లేపింది. ఈసారి తెలిసి లేపింది, నాకు అదే చాలు.

మిగతా మధ్యాహ్నమంతా సర్వర్ ఇమేజ్ (కొత్త సర్వర్లకు నకలు తీసే మూలం) తయారుచేసే స్క్రిప్టుతో గడిచింది. ఇమేజ్ తయారయ్యేటప్పుడు లోపల ఏ సర్వీసూ లేవకూడదు. అందుకు డెబియన్‌లో ఎప్పటినుంచో ఉన్న ఉపాయం ‘పాలసీ-ఆర్‌సీ.డీ’ అనే చిన్న స్క్రిప్టు. ప్యాకేజీలు సర్వీసును ముట్టుకునే ముందు దాన్ని అడుగుతాయి. అది 101 అనే సంఖ్య తిరిగిస్తే, అనుమతి లేదని అర్థం. ప్రోగ్రాములను విడి పెట్టెల్లో నడిపే డాకర్ కోసం వచ్చే డెబియన్ ఇమేజ్‌ల లోపల ఈ ఫైలు ముందే ఉంటుంది. మా స్క్రిప్టు మొదట్లో దాన్ని రాసే రెండు పంక్తులు చేర్చాను.

"దీన్ని అలాగే అన్ని సర్వర్లలో ఉంచేస్తే? మీ కోరిక తీరిపోతుంది కదండీ" అంది.

అలా ఉంచకూడదు. ఆ 101 ‘స్టార్ట్’కే కాదు, ‘రీస్టార్ట్’కూ అడ్డుపడుతుంది. భద్రతా సవరణ వచ్చి ప్యాకేజీ అప్‌గ్రేడ్ అయితే కొత్త ప్రోగ్రాము డిస్కు మీదికి వస్తుంది, మెమరీలో పాతదే నడుస్తూ ఉంటుంది. ప్యాకేజీల జాబితా చూస్తే అంతా తాజాగా ఉన్నట్టు కనబడుతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. పోనీ స్క్రిప్టులో ‘స్టార్ట్’ను మాత్రమే ఆపి ‘రీస్టార్ట్’ను వదిలేద్దామంటే, కొన్ని ప్యాకేజీలు అప్‌గ్రేడ్‌లో ముందు సర్వీసును ఆపి, పని అయ్యాక ‘స్టార్ట్’ అంటాయి. ఆపడం జరుగుతుంది, లేపడం ఆగిపోతుంది. మొదటిసారి లేవడం వేరు, నడుస్తున్నది కొత్త రూపంలో మళ్లీ లేవడం వేరు. మొదటిదానికి నా అనుమతి కావాలి, రెండోదానికి అక్కర్లేదు, ఎందుకంటే అది ఇదివరకే ఇచ్చాను. డేటాబేస్ ఒక్కటి మినహాయింపు. పట్టపగలు అందరి కనెక్షన్లూ తెంచే రీస్టార్ట్‌కు వేళ నేను చూసుకుంటాను, దాని అప్‌గ్రేడ్ మామూలు సవరణలతో కలిసి తనంతట తాను రాకుండా పట్టి ఉంచుతాను.

ఇమేజ్ స్క్రిప్టు చివర ఆ ఫైలును చెరిపేసే పంక్తి చేర్చాను. ఎవరైనా దాన్ని అనవసరమనుకుని తీసేయకుండా, పైన కారణం రాయమని ఆమెకే అప్పగించాను. చాలా పొడవుగా రాసింది. సగం కొట్టేసి పెట్టాను.