బూడిద రంగు, రెండు మేకులు

లాసన్స్ బే కాలనీలో మా ఫ్లాట్ ఖాళీ అయిందని అమ్మ ఫోన్ చేసింది. వేసవి సెలవులకి ఎలాగూ వైజాగ్ వస్తున్నాం కదా, రంగులు వేయించి మళ్ళీ అద్దెకిద్దాం అనుకున్నాం. పిల్లలకీ కాస్త కాలక్షేపం అవుతుందని షేడ్ కార్డు వాళ్ళ చేతిలో పెట్టాను. పొరపాటు అక్కడే జరిగింది.

డాలస్‌లో పుట్టిన మా అమ్మాయికి పదమూడేళ్ళు. అది చూసిన అపార్ట్‌మెంట్లన్నీ గ్రే గోడలవే. తెలుగు బడిలో నేర్చుకున్న మాట గుర్తు తెచ్చుకుని, "అమ్మమ్మా, బూడిద రంగు వేద్దాం" అంది గర్వంగా. అమ్మ అదిరిపడింది. "శుభమా అని మనుషులు దిగే ఇంటికి బూడిద పుయ్యమంటావేంటే!" నాకు నవ్వాగలేదు. దానికి మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తెలుగులో మాట్లాడమని పోరేదీ మనమే, మాట్లాడితే నవ్వేదీ మనమే.

తగువు మేస్త్రి తీర్చాడు. "రంగుదేముందమ్మా, ముందు గోడ సంగతి చూడండి" అంటూ కిటికీ కింద గోరుతో గీకితే పుట్టీ పొట్టులా రాలింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ కిటికీ అద్దాలు పగిలి గదిలో నీళ్ళు నిలిచాయి. ఎన్నిసార్లు రంగేసినా ఆ మూల చెమ్మ మళ్ళీ పైకి తేలుతూనే ఉంది. ఉప్పుగాలికి గ్రిల్స్ తుప్పు సరేసరి. గీకి, తుప్పు ఆపే రెడాక్సైడ్ కొట్టి, ఆపైన ఎనామిల్ వెయ్యాల్సిందే. లోపల డిస్టెంపర్ చవకే గానీ తడిగుడ్డతో తుడిస్తే లేచొస్తుంది. చిన్నపిల్లలున్నవాళ్ళు దిగితే ఇక చెప్పక్కర్లేదు. అందుకని డబ్బు ఎక్కువైనా కడుక్కోగలిగే ఎమల్షనే వేయించాం. ఇల్లంతా మీగడ రంగు. ఒక్క పిల్లల గదిలో ఒక గోడకి మాత్రం మా అమ్మాయి గ్రే. మేస్త్రి దాన్ని "సిమెంటు రంగు" అన్నాడు, అమ్మ కిక్కురుమనలేదు.

గడపకి పసుపు రంగు వేస్తుంటే మావాడు, "ఇక్కడ జారిపడతారా?" అని అడిగాడు. వాడికి తెలిసిన పసుపు గీత, జారిపడకుండా జాగ్రత్త అని మెట్ల అంచున వేసేదే మరి.

ఆఖరి రోజు మెరిసిపోతున్న హాలు చూసుకుని, "దిగేవాళ్ళకి గట్టిగా చెప్పాలి, ఒక్క మేకు కూడా కొట్టకూడదని" అన్నాను.

"మరి వాళ్ళ దేవుడి ఫొటో ఎక్కడ పెట్టుకుంటారు?" అంది మా అమ్మాయి.

మేము సొంతిల్లు కొనుక్కోకముందు డాలస్‌లో అద్దెకున్నచోట, మేకు కొడితే డిపాజిట్‌లో కోస్తారని వెంకటేశ్వరస్వామి పటాన్ని నాలుగేళ్ళు మైక్రోవేవ్ మీద ఆనించి ఉంచాం. పాప్‌కార్న్ పెట్టినప్పుడల్లా పటం వణికేది. అప్పట్లో ఆ అపార్ట్‌మెంట్ మేనేజరుని నేను తిట్టిన తిట్లు కూడా మా అమ్మాయికి గుర్తున్నాయట, రెండు వినిపించింది కూడా. మేస్త్రి ముందు.

డ్రిల్లున్న కుర్రాణ్ణి పిలిపించి వంటగది పక్కన దేవుడికి చిన్న అర, హాల్లో రెండు మేకులు కొట్టించాం. అమ్మ వెంటనే సింహాద్రి అప్పన్న క్యాలెండర్ తెచ్చి ఒకదానికి తగిలించింది.

"వచ్చేవాళ్ళ దేవుడెవరో మనకి తెలీదుగా, అమ్మమ్మా?"

"వైజాగ్‌లో ఇల్లన్నాక అప్పన్న ఉండాల్సిందే" అంది అమ్మ, క్యాలెండర్ సరిచేస్తూ. "ఆ రెండో మేకు వాళ్ళకి వదిలేద్దాంలే."