అమ్మ ఇంటి డాబా మీద డిష్: క్వాలిటీ సున్నా నుంచి 74 దాకా

శుక్రవారం రాత్రి

తెనాలి దగ్గర మా ఊళ్లో అమ్మ ఇంటికి 43 అంగుళాల టీవీ చేరింది. పాత డబ్బా టీవీ పోయిన వానాకాలంలోనే మూగబోయింది. కేబుల్‌కి నెలనెలా కట్టడం దండగని అమ్మ అంతకు ముందే కనెక్షన్ తీసేయించింది. అందుకని ఈసారి దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ పెడదామనుకున్నాం. నెల చందా ఉండదు. డిష్ బిగించేవాళ్లు ఊళ్లో ఉన్నారు కానీ, ఆ పనేదో నేనే నేర్చుకోవాలని ఎప్పట్నుంచో ఉబలాటం.

కొనేముందు టీవీ వెనకాల ఒక్కటి చూసుకున్నాను. గుండ్రటి సాకెట్లు రెండుండాలి. నున్నగా ఉండేది మామూలు యాంటెన్నాకి, కేబుల్‌కి. మరలున్న సాకెట్ డిష్ వైరుకి. దాని పక్కన ఎల్‌ఎన్‌బీ (డిష్ చేతి చివర ఉండి సిగ్నల్ అందుకునే డబ్బా) అనో శాటిలైట్ అనో రాసి ఉంటుంది. అదుంటే లోపల డీవీబీ-ఎస్2 ట్యూనర్ (డిష్ సిగ్నల్‌ని చదివే భాగం) ఉన్నట్టే, వేరే సెట్‌టాప్ బాక్స్ అక్కర్లేదు. ఇలా ట్యూనర్ లోపలే ఉండే టీవీల కోసం బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) 2022లో ఐఎస్ 18112 అని ఒక ప్రమాణం కూడా తెచ్చింది. షాపులో కుర్రాణ్ణి అడిగితే "స్మార్ట్ టీవీ అండీ, అన్నీ వచ్చేస్తాయి" అన్నాడు. నేనే ఫోన్ టార్చి వేసి వెనక్కి వంగి చూశాను.

కాళ్లు బిగించడానికి టీవీని పరుపు మీద బోర్లా పడుకోబెట్టాం. పది నిమిషాల పని. గోడకి తగిలించలేదు, అమ్మ మంచం మీద కూర్చుంటే కళ్లకి సూటిగా ఉండేది పాత బల్లే.

శనివారం పొద్దున

ముందు లెక్క. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి. 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 రాకెట్ మీద పంపారు. భూమధ్యరేఖకి పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలబడి ఉంటుంది. తెనాలి 80.6 డిగ్రీల దగ్గరుంది కాబట్టి మనకది ఆగ్నేయంగా కనబడాలి. లెక్క వేస్తే ఉత్తరం నుంచి కుడి చేతి వైపు 141 డిగ్రీలు, నేల నుంచి పైకి 66 డిగ్రీలు వచ్చింది. హైదరాబాద్‌లో అయితే 138, 63. విశాఖలో 149, 66. వాస్తు పుణ్యమా అని మా వంటిల్లు ఆగ్నేయం మూలే, దాని మీది పిట్టగోడకే డిష్ ఖాయం చేశాను.

ఆ దిక్కున పక్కింటి వాళ్ల కొబ్బరి చెట్టుంది. అడ్డమొస్తుందని భయపడ్డాను. కానీ 66 డిగ్రీలంటే దాదాపు నెత్తి మీదే. చెట్టు డిష్ కన్నా 30 అడుగులు ఎత్తున్నా, 13 అడుగుల లోపు ఉంటేనే అడ్డం. ఈ చెట్టు 25 అడుగుల అవతల ఉంది. పర్వాలేదు.

శ్లాబుకి బెజ్జం పెడితే వాన నీళ్లు కారతాయని అమ్మ ఒప్పుకోలేదు. పిట్టగోడ లోపలి వైపు నాలుగు యాంకర్ బోల్టులు దించి స్టాండు బిగించాను. మేస్త్రీ గారి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి గొట్టం నిటారుగా ఉందో లేదో రెండు వైపులా చూశాను. ఇది బద్ధకించకూడని పని. గొట్టం వాలి ఉంటే డిష్‌ని పక్కకి తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారిపోతుంది, ఇక వెతుకులాటకి అంతుండదు.

వైరు ఆర్‌జీ6, 15 మీటర్లు. వైరు కొసకి ఎఫ్ కనెక్టర్ (సాకెట్‌కి బిగించే మరల ముక్క) వేసేటప్పుడు ఒక దెబ్బ తిన్నాను. వైరు లోపల జల్లెడలా అల్లిన సన్నటి తీగలుంటాయి కదా, వాటిలో ఒకటి, వెంట్రుకంత కూడా లేదు, నడిమధ్య రాగి తీగకి తగులుతోంది. టీవీ ఆన్ చేయగానే షార్ట్ అని తెర మీద హెచ్చరిక. ఆ వైరులో సిగ్నల్ కిందికి వస్తుంటే, ఎల్‌ఎన్‌బీకి కావలసిన కరెంటు 13 వోల్టులో 18 వోల్టులో టీవీ నుంచి పైకి వెళ్తుంది. అందుకే టీవీ ప్లగ్గు పీకి మళ్లీ మొదట్నుంచి వలిచాను. తీగలన్నీ వెనక్కి మడిచి, కత్తెరతో సమంగా కోసి, రాగి తీగ కనెక్టర్ అంచు కన్నా రెండు మిల్లీమీటర్లు బయటికి వచ్చేలా పెట్టాను.

శనివారం మధ్యాహ్నం

టీవీ మెనూలో శాటిలైట్ల జాబితాలో జీశాట్-15 లేదు. ఇన్‌శాట్-4బీ 93.5 అని ఉంది. ఫ్రీ డిష్ ముందు దాని మీదే ఉండేది, చోటు అదే కాబట్టి దాన్నే ఎంచుకున్నాను. మిగతా సెట్టింగులు ఇవీ: ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్ (9750/10600), ఎల్‌ఎన్‌బీ పవర్ ఆన్, డైసెక్ (ఒకటికి మించి ఎల్‌ఎన్‌బీలుంటే మార్చే స్విచ్చు) ఆఫ్. ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలో ఒక గుంపు చానళ్లని పంపే భాగం) వివరాలు చేత్తో ఎక్కించాను: ఫ్రీక్వెన్సీ 11090, వర్టికల్, సింబల్ రేటు 29500. వెంటనే తెర మీద రెండు గీతలు వచ్చాయి. స్ట్రెంత్ 82. క్వాలిటీ సున్నా.

82 చూసి ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను. మూడు గంటలు పట్టింది అది ఎందుకూ కొరగాదని తెలుసుకోవడానికి. డిష్‌ని నేల వైపు తిప్పినా స్ట్రెంత్ 80. చెయ్యి అడ్డం పెట్టినా 80. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతోంది, వైరు బాగుంది అనడానికి తప్ప ఆ గీత దేనికీ సాక్ష్యం కాదు. చూడాల్సింది క్వాలిటీ ఒక్కటే. అది లేస్తేనే మనక్కావలసిన ట్రాన్స్‌పాండర్ చిక్కినట్టు.

పైన నేను, కింద టీవీ ముందు అమ్మ, మధ్యలో ఫోన్ స్పీకర్.

"వచ్చిందా?"

"పై గీత నిండుగా ఉందిరా."

"కింది గీత చెప్పమ్మా."

"దాని సంగతి అడక్కు."

చీకటి పడేదాకా ఇదే వరస. నాలుగింటికి టీ కూడా డాబా మీదికే వచ్చింది.

ఆదివారం

రాత్రి పడుకుని ఆలోచిస్తే రెండు తప్పులు తేలాయి.

ఒకటి దిక్కు. ఫోన్‌లోని దిక్సూచిని డిష్ చేతి మీదే ఆనించి చూశాను. అది ఇనుము. పైగా ఆ మూలలో పై అంతస్తు కోసం వదిలిన పిల్లర్ ఊచలున్నాయి. పొద్దున్నే డాబా నడిమధ్యకి వెళ్లి చూస్తే 20 డిగ్రీలు తేడా. ఈసారి 141 ఎటొస్తుందో మధ్యలో నిలబడే చూసుకుని, ఆ దారిలో ఒక గుర్తు పెట్టుకున్నాను. మా ఎదురు వీధి నీళ్ల ట్యాంకు ఎడమ అంచు. ఎల్‌ఎన్‌బీ ఉన్న చేతిని ఆ అంచుకి గురిపెట్టాను.

రెండోది ఎత్తు, అసలు పొరపాటు ఇదే. 66 డిగ్రీలన్నారు కదాని పళ్లెం ముఖాన్నే 66 డిగ్రీల ఆకాశం వైపు ఎత్తేశాను. ఈ చిన్న డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. ఎల్‌ఎన్‌బీ పళ్లెం నడిమధ్యకి ఎదురుగా ఉండదు, కింద నుంచి చూస్తుంటుంది. పై నుంచి వాలుగా వచ్చిన సిగ్నల్ పళ్లేనికి తగిలి కిందికి మళ్లుతుంది. అందువల్ల ఉపగ్రహం ఎంత ఎత్తున ఉన్నా పళ్లెం దానికన్నా 20 డిగ్రీల పైచిలుకు నిటారుగా నిలబడాలి. కంటికి చూస్తే ఉపగ్రహం కన్నా బాగా కిందికి చూస్తున్నట్టే ఉంటుంది. వెనక బ్రాకెట్ మీద అచ్చువేసిన అంకెలు ఈ తేడాని కలుపుకునే వేసినవి. అక్కడి గీతని 66 మీద పెట్టి వదిలేస్తే సరిపోయేది. ఫోన్ యాప్‌తో పళ్లెం వాలు కొలిచి అతితెలివికి పోయాను.

బ్రాకెట్ 66 మీద బిగించి, పక్కకి వేలెడంత చొప్పున జరుపుతూ, జరిపినప్పుడల్లా ఐదు అంకెలు లెక్కపెట్టాను. ట్యూనర్‌కి పట్టుకోవడానికి ఆ పాటి టైమ్ కావాలి. నిన్న గబగబా తిప్పేసి దాన్ని దాటేసిన సందర్భాలు కూడా ఉండుంటాయి.

"ఒరేయ్, ఆగు ఆగు! పచ్చగా ఏదో వచ్చింది!"

38. పైకీ కిందికీ సూదిమొన చొప్పున జరిపితే 55. ఎల్‌ఎన్‌బీని దాని పట్టులోనే గడియారం ముల్లులా కొద్దిగా తిప్పితే 71. తర్వాత నట్లు బిగిస్తే మళ్లీ 45కి పడింది! ఒక నట్టు పూర్తిగా బిగించి రెండోదానికి పోతే పళ్లెం లాగేసుకుంటుంది. సైకిల్ చక్రానికి బిగించినట్టు అటూ ఇటూ అరచుట్టు చొప్పున బిగించాలి. చివరికి 74 దగ్గర నిలిచింది. వాన గట్టిగా పడితే ఈ కేయూ బ్యాండ్ (ఇలాంటి చిన్న డిష్‌లు వాడే ఫ్రీక్వెన్సీలు) సిగ్నల్ తగ్గుతుంది కాబట్టి ఎండ పూట ఎంత ఎక్కువ మిగుల్చుకుంటే అంత మంచిది.

మిగతా ట్రాన్స్‌పాండర్లని కూడా టీవీయే వెతుక్కునేలా నెట్‌వర్క్ సెర్చ్ ఆన్ చేసి స్కాన్ పెట్టాను. సప్తగిరి, యాదగిరి రెండూ వచ్చాయి. ఆకాశవాణి కూడా ఉంది, అమ్మకి అది నచ్చింది. మిగతావి మాత్రం ఎక్కువ హిందీవే. తెలుగు సీరియళ్లే లోకమైతే ఫ్రీ డిష్ మీద ఆశ పెట్టుకోవద్దని నా మాట. అమ్మ అడిగిన రెండు సీరియళ్లకి వైఫై ఎక్కించి యాప్ పెట్టాల్సి వచ్చింది. కొన్ని చానళ్లు దూరదర్శన్ ఒప్పుకున్న బాక్సులోనే తెరుచుకుంటాయి, టీవీ ట్యూనర్‌లో పేరు కనిపించి తెర నల్లగా ఉంటే అదన్నమాట. దానికోసం డిష్ కదిలించకండి.

సాయంత్రం కనెక్టర్ మీద రబ్బరు టేపు చుట్టాను. కిటికీలోకి దూరే ముందు వైరుని కిందికి ఒక వంపు తిప్పి వదిలాను, వాన నీళ్లు అక్కడే బొట్లుగా రాలిపోతాయి. గొట్టం మీద, బ్రాకెట్ మీద, ఎల్‌ఎన్‌బీ పట్టు మీద మార్కర్‌తో గీతలు గీశాను. ఆ డాబా మీదికి కోతులు వస్తాయి, డిష్ కదిలినా గీతలు చూసి మళ్లీ సరిపెట్టుకోవచ్చు. బట్టలు ఆరేసే తాడు డిష్‌కి కట్టనని అమ్మ మాటిచ్చింది కానీ, నేను బస్సెక్కేటప్పటికే తాడు రెండో కొస ఎక్కడ కట్టాలని అడుగుతోంది.