పాలమూరు పెద్దల కళ్లు, సిడ్నీ పిల్లల ప్రశ్నలు

కంటి జబ్బులు ఏ జనంలో, ఎంతమందికి, ఏ కారణాల వల్ల వస్తున్నాయో లెక్కగట్టడం నా వృత్తి. సిడ్నీలోని ఒక విశ్వవిద్యాలయంలో ఆ పరిశోధనే చేస్తూ, అదే పాఠం చెబుతున్నాను. నేను పుట్టి పెరిగింది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో. మా అమ్మాయి, అబ్బాయి మాత్రం ఇక్కడే పుట్టారు. పిల్లలకు భాష, పండుగలు, వంటలు అందుతాయో లేదోనని ప్రవాసంలో ఉన్న తల్లిదండ్రులందరం బెంగపడతాం, ఆ బెంగ న్యాయమైనదే. నాకు అంతకంటే పెద్ద పట్టింపు ఒకటుంది. పాలమూరుకూ సిడ్నీకీ మధ్య ఏదైనా తేడా కంటపడినప్పుడు నా పిల్లలు ఒక ఊరివాళ్లు గొప్ప, ఇంకో ఊరివాళ్లు తక్కువ అనుకోకూడదు. ఆ తేడా ఎందుకు వచ్చిందని అడగాలి.

హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు 1996 నుంచి 2000 వరకు రాష్ట్రవ్యాప్త ప్రాతినిధ్యం ఉండేలా ఒక నేత్ర వ్యాధుల అధ్యయనం జరిపారు. హైదరాబాద్ నగరంలోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లోనూ అన్ని వయసులవారినీ కలిపి 10,293 మందిని పరీక్షించారు. అంధత్వం 1.84 శాతమని తేలింది. అందులో 44 శాతానికి కారణం శుక్లాలు, 16.3 శాతానికి కారణం దృష్టిదోషాలు. అంటే చూపులేని ప్రతి పదిమందిలో ఆరుగురు ఒక ఆపరేషన్‌తోనో, సరైన కళ్లద్దాలతోనో చూడగలిగి ఉండేవారే. పేదలలో, ఆడవారిలో, పల్లెల్లో ఈ బాధ ఎక్కువని కూడా ఆ అధ్యయనమే చూపింది. పని మానుకొని కూర్చుని, కంట్లో చుక్కలు వేయించుకుని, అడిగినదానికల్లా ఓపికగా జవాబు చెప్పిన పాలమూరు రైతుకూలీల వల్ల ప్రపంచానికి ఈ విషయం తెలిసింది. మా ప్రాంతం పేరు కరవుతోనూ వలసలతోనూ మాత్రమే వినే నా పిల్లలకు ఈ సంగతి చెప్పడం నాకు ఎంతో ముఖ్యం.

సిడ్నీకి పడమరన ఉన్న బ్లూ మౌంటెన్స్ ప్రాంతంలో 1992 నుంచి 1994 వరకు 49 ఏళ్లు, ఆపై వయసున్న 3,654 మందిని పరీక్షించారు. అక్కడ చూపు బాగా పోయినవారిలో ప్రధాన కారణం వయసుతో వచ్చే మాక్యులా క్షీణత, అంటే కంటి వెనకపొర నడిమి భాగం దెబ్బతినడం. వయసులు వేరు కాబట్టి ఈ అంకెలను పాలమూరు అంకెల పక్కన నేరుగా పెట్టకూడదు, కానీ కారణాలను గమనించవచ్చు. శుక్లం రెండు చోట్లా వస్తుంది. ఇక్కడ అది చూపును పూర్తిగా మింగకముందే తీసేస్తారు.

గత డిసెంబరు సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు అమ్మాయి తన వెంట ఒక చార్టు తెచ్చుకుంది. చదువురానివారి చూపు కొలవడానికి వాడే ఆ చార్టులో ఒకే అక్షరం నాలుగు దిక్కులకూ తిరిగి ఉంటుంది. దాని కాళ్లు ఎటున్నాయో చూసేవారు చేత్తో చూపిస్తే చాలు. దర్జీ టేపుతో నాలుగు మీటర్లు కొలిచి, చార్టును వాకిట్లో గోడకు అంటించి, కందులు చెరుగుతున్న మా అమ్మను పిలిచి పీట మీద కూర్చోబెట్టింది. కుడికన్నుతో అమ్మ వరుసలన్నీ చకచకా చూపించింది. ఆ కన్ను మూసి ఎడమకన్నుతో చూడమంటే రెండో వరుస దగ్గరే చెయ్యి ఆగిపోయింది. "మబ్బు పట్టినట్టున్నది బిడ్డా" అంది. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది.

"ఇక్కడివాళ్లు డాక్టరు దగ్గరికి ఎందుకు పోరు?" అన్నాడు అబ్బాయి. నేను నోరు తెరిచేలోపే అమ్మాయి తన ప్రశ్న నేరుగా అమ్మమ్మనే అడిగింది: "పట్నం పోవాలంటే నీకు తోడు ఎవరొస్తారు అమ్మమ్మా?" అమ్మ కాసేపు ఆలోచించి, "అందరూ పనుల మీదున్నరు గదా బిడ్డా, కందులైనంక చూద్దాం" అంది. ఆడవారిలో అంధత్వం ఎక్కువ అన్న వాక్యాన్ని నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పి ఉంటాను, కానీ నా కొడుకుకు అది అర్థమైంది ఆ వాకిట్లోనే. కందులు అమ్మాక మా తమ్ముడు తోడు వెళ్లి ఆపరేషన్ చేయించాడు. కంటి లోపలే కృత్రిమ లెన్సు వేసి ఆ రోజే ఇంటికి పంపారు. ఒకప్పటి శిబిరాల్లో శుక్లం తీసి, లెన్సు వేయకుండా, సోడాబుడ్డి అద్దాలు ఇచ్చి పంపేవారు. ఆ అద్దాలు పగిలితే మళ్లీ చీకటే.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ పిల్లలు పొద్దస్తమానం ఎండలోనే తిరిగారు. నల్లబడిపోతారని బంధువులు కోప్పడ్డారు. సిడ్నీలోనూ మనవాళ్లలో ఇదే మాట వింటాను, దానికి తోడు పరీక్ష పెట్టి పిల్లలను చేర్చుకునే సెలెక్టివ్ స్కూళ్ల కోసం కోచింగ్ ఒత్తిడి. ఈ విషయంలో నేను మొండిగానే ఉంటాను. 2008లో ప్రచురితమైన ఒక పరిశోధనలో చైనా సంతతికి చెందిన ఆరేడేళ్ల పిల్లలను సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ పోల్చారు. దూరంలోనివి మసకగా కనిపించే హ్రస్వదృష్టి సిడ్నీలో 3.3 శాతం, సింగపూర్‌లో 29.1 శాతం. సిడ్నీ పిల్లలు పుస్తకాలు ఎక్కువే చదివారు, తల్లిదండ్రుల్లో హ్రస్వదృష్టి రెండు చోట్లా దాదాపు సమానం. కొట్టొచ్చినట్టు కనిపించిన తేడా ఆరుబయట గడిపిన సమయంలో ఉంది: వారానికి దాదాపు 14 గంటలు ఇక్కడ, 3 గంటలు అక్కడ. అందుకే మా ఇంట్లో బడి నుంచి వచ్చాక ముందు ఆట, తర్వాతే చదువు. ఇక్కడి ఎండ తీవ్రమైనది కాబట్టి నెత్తిన టోపీ తప్పనిసరి.

ఇది విన్న అబ్బాయి, పాలమూరు పిల్లల సంగతేమిటని అడిగాడు. దానికీ లెక్క ఉంది. 2002లో ప్రచురితమైన రెండు సర్వేలు ఒకే పద్ధతిలో జరిగాయి: మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో హ్రస్వదృష్టి 4.1 శాతం, ఢిల్లీ నగరంలో 7.4 శాతం. అమ్మాయి రెండు పట్టికలనూ ముందేసుకుని చాలాసేపు చూసి, మన జిల్లాలో చూసింది 7 నుంచి 15 ఏళ్లవారినని, ఢిల్లీలో 5 ఏళ్లవారినీ కలిపారని పట్టుకుంది. చిన్నపిల్లల్లో హ్రస్వదృష్టి తక్కువ కాబట్టి, వయసులు సమానం చేస్తే అసలు తేడా ఇంకా పెరుగుతుంది కదా అని అడిగింది. అవునన్నాను. వయసుల వారీ అంకెలు ఎక్కడ ఉంటాయని అడిగి, అక్కాతమ్ముళ్లిద్దరూ వాటిని వెతకడానికి కూర్చున్నారు.