బావ బండికి చేతి గేరు

పొద్దున్నే స్ప్లెండర్‌ని ట్రాలీ ఆటోలో వేసుకుని బావా నేనూ విజయవాడ ఆటోనగర్ వెళ్ళాం. ఎడమకాలు మోకాలి కింద తీసేశాక బావకి జైపూర్ కాలు పెట్టారు, దాంతో నడవటం బానే నడుస్తాడు, ఇబ్బందంతా గేరు దగ్గరే, ఆ పాదానికి స్పర్శ ఉండదు కదా, గేర్ రాడ్ మీదుందో ఫుట్‌రెస్ట్ మీదుందో వంగి చూస్తేగానీ తెలీదు. పక్క చక్రాల స్కూటర్ కొనుక్కోమని ఇంట్లో ఒకటే పోరు. నాకది అస్సలు నచ్చలేదు. బ్రేకు తొక్కే కుడికాలు గట్టిగా ఉంది, చేతులు రెండూ బాగున్నాయి, ఒక్క గేరు కోసం ఇష్టపడి కొనుక్కున్న బండి ఎందుకు వదిలెయ్యాలి?

లేత్ మేస్త్రీ ముందు ఎడమపక్కనే ట్యాంక్ దాకా రాడ్ లేపుదాం అన్నాడు. చాలాసేపు అక్కడే ఆగిపోయాం. ఎడమచెయ్యి క్లచ్ పట్టుకునుంటే గేరు ఏ చేత్తో వేస్తాం? పాత బజాజ్ చేతక్ స్కూటర్‌లో ఆ గొడవ లేదు, క్లచ్ లివరూ గేరూ ఒకే పిడిలో కలిసి తిరుగుతాయి. 1952లో కాలి గేరు వచ్చేదాకా హార్లే డేవిడ్‌సన్ బైకులకీ చేతి గేరే, కానీ వాటి క్లచ్ ఎడమకాలి కింద ఉండేది, మనకి పనికిరాదు. చివరికి బావే అన్నాడు, "కుడిపక్క పెట్టు మేస్త్రీ, గేరు మార్చేప్పుడు ఎలాగూ యాక్సిలేటర్ వదిలేస్తాం, ఆ కాసేపు కుడిచెయ్యి ఖాళీయేగా". ఎంత సంతోషమేసిందో నాకు, నడిపేవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది!

ఇక పని. ఎడమపక్క గేరుని కుడిపక్క లివర్‌కి కలపటానికి ఇంజన్ కింద అడ్డంగా ఒక షాఫ్ట్, సైలెన్సర్ పైపుకి తగలకుండా, అది సాఫీగా తిరగటానికి రెండు చివర్లా గన్‌మెటల్ బుష్‌లు, ఫ్రేమ్ మీద వెల్డింగ్ పెట్టకుండా అన్నీ క్లాంపులతోనే బిగించాడు. పాత గేర్ రాడ్ ఒకటి కొని, వెల్డింగ్ దానికి బయటే చేసి తర్వాత ఎక్కించాడు, బండి మీదే చేస్తే వేడికి ఆయిల్ సీల్ పోతుంది. ముందు పెట్టిన లివర్ నిండు కడ్డీ, ఆ బరువుకి గేర్ బాక్స్ లోపలి స్ప్రింగు దాన్ని మధ్యకి తీసుకురాలేకపోయింది, అలా మధ్యకి రాకపోతే తర్వాత గేరు పట్టదు. దాన్ని తీసేసి సన్నటి పైపు పెట్టి కొంచెం పొట్టి చేశాక టక్కుమని పడటం మొదలైంది. ముందుకి తోస్తే గేరు ఎక్కుద్ది, వెనక్కి లాగితే దిగుద్ది.

సాయంత్రం షెడ్ వెనక ఖాళీ స్థలంలో బావ మూడో గేరు దాకా వెళ్ళాడు, కిందకి ఒక్కసారి కూడా చూడలేదు, ఆ మొహంలో వెలుగు చూసి నేనూ మేస్త్రీ ఇద్దరం చప్పట్లు కొట్టేశాం. ఒక్కటే జాగ్రత్త, గేరు దించేప్పుడు కుడిచెయ్యి ముందు బ్రేక్ మీద ఉండదు, అందుకని ముందే స్పీడ్ తగ్గించుకుని కాలి బ్రేకు మీద రావాలి, అది బాగా అలవాటయ్యేదాకా ట్రాఫిక్‌లోకి వద్దన్నాను, సరేనన్నాడు.

రోడ్డెక్కాలంటే ఆర్టీవో ఆఫీసు పని కూడా ఉంది. బండి ఇలా మార్చినందుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద అనుమతి తీసుకుని ఆర్సీలో రాయించాలి, 2019 సవరణ తర్వాత ఇలా వికలాంగుల కోసం మార్చిన బండిని అడాప్టెడ్ వెహికల్ అంటున్నారు, లైసెన్సులో కూడా అలాగే ఎక్కించుకోవాలి. కాగితాలన్నీ అక్క ఫైల్లో పెడుతోంది. అవి చేతికొచ్చేదాకా ఆ ఖాళీ స్థలంలోనే ప్రాక్టీస్, రేపు ఎత్తు మీద ఆగి మళ్ళీ కదలటం చూడాలి.