అయ్యగారు లేకుండా గుండ్లకమ్మకు

తెల్లవారుజామున మూడింటికి ఒంగోలు ప్రార్థన కొండ కింద పద్నాలుగు మందిమి చేరాం. 1878లో ఇదే రోజు జరిగిన బాప్తిస్మాల జ్ఞాపకంగా, ఏటా జులై 3న మా సంఘం ఇక్కడి నుంచి గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లి దాకా నడుస్తుంది. ఇరవై రెండేళ్లపాటు అందరికన్నా ముందు నడిచిన మా పాస్టరు అయ్యగారు ఈసారి లేరు. ఫిబ్రవరిలో ప్రభువునందు నిద్రించారు. ఆయన నిలబడే చోట ఆయన భార్య, మా అమ్మగారు, వచ్చి నిలబడ్డారు. చేతిలో ఆయన ఇత్తడి చెంబు.

"మోకాళ్ల నొప్పులు కదమ్మా, ఆటోలో రండి" అన్నాను.

"నడవగలిగినంత నడుస్తా నాయనా. కాకపోతే అప్పుడు చూద్దాం."

ఆ చెంబు గురించి ముందు చెప్పాలి. అది అయ్యగారి అమ్మది. అడుగున సొట్ట, అంచు ఒకచోట అరిగి పల్చబడింది. మాది పొదిలి వైపు ఊరు. అయ్యగారి చిన్నప్పుడు మా పల్లెవాళ్లు మంచినీళ్ల బావి గట్టెక్కకూడదు. వాళ్లమ్మ గట్టుకు దూరంగా కడవ పెట్టుకుని, ఎవరైనా దయతలచి పోసేదాకా కూర్చునేదట. పోసేవాళ్లు కడవకు తమ చేద తగలకుండా ఎత్తు నుంచి పోసేవాళ్లు. సగం నేలపాలు. కింద పడే నీళ్లు పట్టడానికి ఆమె కడవ పక్కన ఈ చెంబు పెట్టేది. అయ్యగారు ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు పెంచేవారు కాదు. చెంబు అంచు మీద బొటనవేలు రాస్తూ చెప్పేవారు. ఆ అరుగుదల ఆయన వేలిదేనని నాకు అనిపిస్తుంది.

కొండ దగ్గర ప్రార్థన చేసుకుని కదిలాం. 1854 జనవరి 1న అమెరికన్ మిషనరీలు జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఈ కొండెక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని పొద్దు పొడిచే వేళ ప్రార్థించారు. అంతకుముందే వాళ్ల నెల్లూరు మిషన్‌నే మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. ఆ ప్రార్థన తర్వాత పన్నెండేళ్లకు, 1866లో, మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చారు. ఇదంతా మా పిల్లలందరికీ నోటికొచ్చు. కానీ అయ్యగారు అక్కడితో ఆపనిచ్చేవారు కాదు. "దొర రాకముందే ఎవరున్నార్రా?" అని అడిగేవారు. పిల్లలు "పేరయ్య!" అని అరవాలి.

ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ మనిషి. వ్యాపారం మీద గోదావరి జిల్లాల వైపు వెళ్లినప్పుడు సువార్త విన్నాడు. భార్య నాగమ్మతో కలిసి ఒంగోలు వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత తన వాళ్లను పోగుచేసి దొరకు కబురు పెట్టాడు. 1867 జనవరిలో ఒంగోలుకు పడమరగా 40 మైళ్ల దూరంలో, తాళ్లకొండపాడు చింతతోపులో కూడికలు జరిగాయి. చివర్లో 28 మంది నీళ్లలోకి దిగి బాప్తిస్మం తీసుకున్నారు. "పేరయ్యను దొర తేలా. దొరనే పేరయ్య మన పల్లెల్లోకి తెచ్చాడు" అనేవారు అయ్యగారు. నేను చాలాచోట్ల వాక్యం విన్నాను. ఈ ఒక్క మాట నన్ను నిటారుగా నిలబెట్టినట్టు ఇంకేదీ నిలబెట్టలేదు.

త్రోవగుంట దాటాక హైవే పక్కన లారీల గాలి కొట్టింది. అమ్మగారు నా భుజం పట్టుకుని నడుస్తున్నారు. నాలుగు కిలోమీటర్లు నడిచి ఆగిపోయారు. ఆటో పిలిచాం. ఎక్కుతూ చెంబు నా చేతికిచ్చారు. "ఇది మాత్రం నడిచే రావాల" అన్నారు.

దారిలో మాటలన్నీ ఆయన గురించే. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపినప్పుడు అయ్యగారు రామాయపట్నం వేదాంత కళాశాలలో విద్యార్థి. ఆ గొడవ మొదలైందీ నీళ్ల దగ్గరే. అగ్రకులంవాళ్లు తాగునీళ్ల చెరువును పాడుచేస్తుంటే మాదిగపల్లె వాళ్లు అడ్డుచెప్పారు. మున్నంగి సువార్త అనే ఆమె బిందె ఎత్తి ఎదురు నిలిచింది. పల్లె పల్లెంతా చీరాలకు పారిపోతే, అయ్యగారు సింగరాయకొండలో రైలెక్కి అక్కడికి వెళ్లారు. రెండు వారాలు అన్నం వండి పెట్టారు. ప్రార్థన చేయడానికి వెళ్లి గంటె పట్టుకున్నానని చెప్పేవారు. ఆ శిబిరంలో నుంచే దళిత మహాసభ పుట్టింది. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనక ఆ నెత్తురు ఉందని, ఆ చట్టం సంగతి ప్రతి సంఘపెద్దకూ తెలియాలని ఆయన పట్టుదల.

మా ఊళ్లో ఆయన చేసింది పేపర్లకెక్కలేదు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. పళ్లు గారపడతాయి, పెద్దవాళ్లకు వెన్ను వంగిపోతుంది. ఊళ్లోకి మంచినీళ్ల పైపు వచ్చి, పల్లెకు ముందున్న కల్వర్టు దగ్గర ఆగిపోయింది. బడ్జెట్ అయిపోయిందన్నారు. అయ్యగారు ప్రతి సోమవారం అర్జీ పట్టుకుని ఒంగోలు కలెక్టరేట్‌కు వెళ్లేవారు. రెండేళ్లు. బస్సు చార్జీ సంఘం కానుకల్లోంచి తీసుకోలేదు. అమ్మగారు కుట్టుమిషను మీద సంపాదించిన డబ్బులవి. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. కౌంటర్లో మనిషి కాగితం చూడకుండానే "మళ్లీ మీరేనా పాస్టర్ గారూ" అన్నాడు. అయ్యగారు "పైపు రాలేదు కదండీ, అందుకని నేనే" అన్నారు. కోపం లేదు. రసీదు తీసుకుని మడిచి బైబిల్లో ఆమోసు గ్రంథం దగ్గర పెట్టుకున్నారు. నీళ్లలాగా న్యాయం పారాలన్న మాట ఉన్న పేజీ అది.

మేం చేరేసరికి ఎండ ముదిరింది. గుండ్లకమ్మలో ఈ ఏడు నీళ్లు పల్చగా ఉన్నాయి, ఇసుక ఎక్కువ. అమ్మగారు అప్పటికే ఒడ్డున చెట్టు నీడలో కూర్చున్నారు.

1878లో ఇదే రోజు ఇక్కడ 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందురోజు 614, మరునాడు 700. ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున. ఆ రోజుల్లో క్లౌ దొర ఎవరికీ స్వయంగా బాప్తిస్మం ఇవ్వలేదు. దానికి ముందు 1876–78 కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు దొర తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చినవాళ్లకు పనీ కూలీ ఇప్పించారు. ఆ పదిహేను నెలలూ ఎవరికీ బాప్తిస్మం లేదు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని. కరువు సాయం ఆగిపోయాకే ఈ ఒడ్డుకు జనం వచ్చారు. "కూడు ఉన్నన్నాళ్లూ ఆగి, కూడు లేనప్పుడు వచ్చారు మనోళ్లు. ఎవరేమన్నా ఇది చెప్పండి" అని అయ్యగారు మాకు నేర్పారు.

ఏటా ఆయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి, చెంబు నింపి, ముందు పక్కనున్న పసివాడి చేతికిచ్చేవారు. ఒకరి నుంచి ఒకరికి, పెదవి తగిలించే తాగాలి. ఎత్తిపోసుకోవడానికి వీల్లేదు. ఇప్పుడు ఈ నీళ్లు తాగేలా లేవు. ఇంటి దగ్గర పట్టిన క్యాన్ తెచ్చుకున్నాం. మా పల్లె కుళాయి నీళ్లు. కల్వర్టు దాటి పైపు వచ్చి ఆరేళ్లయింది.

అమ్మగారు చెప్పులు విడిచి నీళ్లలోకి దిగారు. నేను చెంబు నింపి ఇచ్చాను. ఆమె పెదవి తగిలించి ఒక గుక్క తాగి, మా చిన్నదాని చేతికిచ్చారు. ఎనిమిదేళ్ల పిల్ల. రెండు చేతులా పట్టుకుంది. మెడమీదుగా గౌను తడిసింది. కీర్తన ఎత్తుకోవాల్సిన చోట ఎవరికీ గొంతు రాలేదు. చెంబు పద్నాలుగు మందీ తిరిగి అమ్మగారి దగ్గరికి వచ్చింది.

తిరిగి ఊరు చేరేటప్పటికి సాయంత్రమైంది. అమ్మగారు కుళాయి దగ్గర కూర్చుని చెంబును చింతపండుతో తోమారు. కడిగి, మందిరం గోడ మీద బోర్లించారు.

"వచ్చే ఏడు ఎవరు మోస్తారు?" అని మా చిన్నది అడిగింది.

"నువ్వేనే. అప్పటికి కాస్త పొడుగవుతావు" అని చెప్పి, అమ్మగారు లోపలికి దీపం పెట్టడానికి వెళ్లారు.