పటపంపా కనుమ దాటి కోల్కా లోయకి: నా అనుభవం

పెరూలోని అరెకిపా నుంచి కోల్కా లోయకి రెండు రకాల టూర్లు ఉంటాయి. ఒకటి తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి అదే సాయంత్రం తిరిగొచ్చేది. రెండోది చివాయ్ ఊళ్ళో ఒక రాత్రి ఉండి వచ్చేది. మొదటిదైతే ఒక రోజు కలిసొస్తుంది కదే అంది అక్క. నేను పట్టుబట్టి రెండోదే బుక్ చేశాను. ఎవరడిగినా ఇప్పటికీ అదే చెప్తాను. అరెకిపా ఉన్నది 2,335 మీటర్ల ఎత్తులో, చివాయ్ 3,600 మీటర్ల పైన. మధ్యలో దాటాల్సిన పటపంపా కనుమ ఏకంగా 4,910 మీటర్లు. నిద్ర చాలని ఒంటితో, చీకట్లో, కొద్ది గంటల్లో అంత ఎత్తెక్కి మళ్ళీ అదే రోజు దిగడమంటే ఆ ఒళ్ళు ఏం కావాలి!

అందుకే అరెకిపాలో ముందు మూడు రోజులు ఊరికే తిరిగాం. తెల్లటి అగ్నిపర్వత రాయితో కట్టిన ఊరది. ఏ వీధి చివర నిలబడ్డా మిస్తీ పర్వతం కనిపిస్తూనే ఉంటుంది. ఇంటి దగ్గరే డాక్టర్‌ని అడిగి ఎత్తు పడని జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ మాత్రలు తెచ్చుకున్నాం. బయల్దేరే ముందు రోజు నుంచి వేసుకోమన్నారు. అందరికీ పడే మందు కాదు కాబట్టి ఎవరికి వాళ్ళు అడిగి వేసుకోవాల్సిందే.

ఉదయం ఎనిమిదింటికి వ్యాన్ వచ్చింది. లోయలోకి వెళ్ళడానికి విదేశీయులు విడిగా టికెట్ కొనాలని, మేం వెళ్ళినప్పుడు అది 70 సోల్‌లని (సోల్ అంటే పెరూ డబ్బు) వ్యాన్ ఎక్కాకే తెలిసింది. బుక్ చేసిన ఏజెన్సీ ఆ మాటే ఎత్తలేదు. సరిపడా నగదు ఉంది కాబట్టి గండం గడిచింది.

ఊరు దాటిన రెండు గంటలకి చెట్లు కనుమరుగైపోయాయి. ఎండుగడ్డి మైదానంలో వికూన్యాలు, అంటే ఒంటె కుటుంబానికి చెందిన చిన్న జంతువులు, మేస్తున్నాయి. సన్నటి మెడ, తేనెరంగు ఒళ్ళు, గుండెల దగ్గర తెల్లటి ఉన్ని. అవి పెంపుడు జంతువులు కావట. ఊళ్ళవాళ్ళంతా వరసగా నిలబడి మందని చుట్టుముట్టి, ఉన్ని కత్తిరించి మళ్ళీ వదిలేస్తారని మా గైడ్ చెప్పింది. దారిలో ఒక పాకహోటల్ దగ్గర ఆపి, కోకా ఆకులు వేసిన వేడినీళ్ళు తాగించింది. పచ్చి ఆకు వాసన, వెనకాల కాస్త చేదు. "గుటక గుటకగా తాగండి, మెల్లగా నడవండి, మధ్యాహ్నం కడుపు నిండా తినకండి" అని మూడు మాటలు చెప్పింది. ఎత్తు వల్ల వచ్చే జబ్బుని అక్కడ సొరోచె అంటారు.

పటపంపాలో దిగాం. దిగి పది అడుగులు వేశానో లేదో, పరిగెత్తి వచ్చినట్టు గుండె కొట్టుకుంది. అక్కడి గాలిలో ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ సముద్ర తీరంలో అందే దాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. అక్క పెదాలు పాలిపోయాయి. "కూర్చుందామే, కాళ్ళు తేలిపోతున్నాయి" అంది. గోడ మీద కూర్చోబెట్టి నీళ్ళు పట్టించాను. చుట్టూ నేలంతా జనం ఒకదాని మీద ఒకటి పేర్చి వెళ్ళిన రాళ్ళగుట్టలే. ఎదురుగా సబంకాయా అగ్నిపర్వతం బూడిదరంగు పొగ చిమ్ముతోంది, 2016 నుంచీ అలాగే రగులుతోందట. దాని పక్కన మంచు కప్పుకుని అంపాటో శిఖరం, 6,288 మీటర్లు. "అక్కడికి కూడా మనుషులు ఎక్కారా?" అనడిగింది అక్క. "ఎక్కారు. అరెకిపా వెళ్ళాక మ్యూజియంలో చూడండి" అంది గైడ్.

చివాయ్‌లో ఆ సాయంత్రం అందరూ వేడినీటి బుగ్గలకి వెళ్ళారు. అక్క తలనొప్పితో పడుకుంటే నేనూ గదిలోనే ఉండిపోయాను. ఆగస్టు నెల, బయట నీళ్ళు గడ్డకట్టే చలి. మూడు ఉన్ని దుప్పట్లు కప్పుకుంటే ఆ బరువుకే ఆయాసం వచ్చింది. నిద్ర పట్టీ పట్టకముందే ఊపిరి అందనట్టయి మెలకువ వచ్చేది. ఎత్తులో మొదటి రాత్రి ఇలా జరగడం మామూలేనని డాక్టర్ ముందే చెప్పి ఉండకపోతే చాలా భయపడేదాన్ని. తెల్లవారేసరికి అక్క లేచి కూర్చుని "ఆకలేస్తోందే" అంది. ఆ మాటతో నా ప్రాణం లేచొచ్చింది.

ఆరింటికల్లా యాంకే ఊళ్ళో ఉన్నాం. చర్చి ముందు పిల్లలు కుట్టుపని నిండిన పావడాలతో వితితి నాట్యం చేస్తున్నారు. ఈ లోయలో కొయ్యాగ్వాలు, కబానాలు అని రెండు జాతులు. ఒకప్పుడు పసిపిల్లల తలలకి కట్లు కట్టి ఒకరు పొడుగ్గా, ఇంకొకరు వెడల్పుగా పెరిగేలా చేసేవారు. స్పానిష్ పాలకులు దాన్ని మాన్పించారు. ఇప్పుడు ఆడవాళ్ళ టోపీ చూసి చెప్పొచ్చు: తెల్లటి గడ్డి టోపీ అయితే కొయ్యాగ్వా, రంగుదారాల కుట్టు టోపీ అయితే కబానా. మాకా అనే ఊరి దగ్గర రోడ్డే కుంగి అలలు తేలి ఉంది. అక్కడ నేల ఇంకా జారుతూనే ఉంది. ఆ జారే నేల చుట్టూనే ఇంకా సామ్రాజ్యం కన్నా ముందు కట్టిన మెట్ల పొలాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, బార్లీ, కినోవా పండిస్తూ.

కాండోర్లని, అంటే ఈ కొండల్లోని పెద్ద రాబందుల్ని, చూసే చోటు క్రూస్ దెల్ కాండోర్. అక్కడికి చేరేసరికి ఎనిమిదిన్నర. లోయ అడుగున నది ఒక దారప్పోగు. గంటసేపు ఏమీ కనపడలేదు. ఎండ రాళ్ళని వేడి చేసి గాలి పైకి లేస్తేనే ఆ పక్షులు తేలిగ్గా ఎగరగలవు, పదిహేను కిలోల దాకా బరువుంటాయి మరి. ముందు మా కాళ్ళకి చాలా దిగువన ఒకటి కనిపించింది. పైనుంచి చూస్తున్నాం కాబట్టి రెక్కల మీది తెల్లటి పట్టీలు తెలుస్తున్నాయి. రెక్క ఒక్కసారీ ఆడించకుండా చుట్లు తిరుగుతూ తిరుగుతూ మా ఎత్తుకొచ్చి, తలల మీదుగా వెళ్ళింది. ఈకల్లోంచి గాలి కోస్తున్న చప్పుడు వినపడింది. రెక్కల చివర ఈకలు వేళ్ళలా విడివిడిగా విచ్చుకుని ఉన్నాయి. అక్క నా మణికట్టు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఫోటో తీయడం ఇద్దరికీ గుర్తే రాలేదు.

అరెకిపా తిరిగొచ్చి, మర్నాడు గైడ్ చెప్పిన మ్యూజియంకి వెళ్ళాం. చీకటి గదిలో, గడ్డకట్టించే అద్దాలపెట్టెలో ఒక అమ్మాయి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. పేరు హువానిటా అని పెట్టారు. ఐదు వందల ఏళ్ళ కిందట ఇంకాలు అంపాటో శిఖరం మీద బలి ఇచ్చిన పిల్ల. పదిహేనేళ్ళకి మించి ఉండవంటున్నారు. సబంకాయా బూడిద పడి శిఖరం మీది మంచు కరగడం వల్ల 1995లో బయటపడింది. అక్క అద్దానికి దగ్గరగా వంగి చాలాసేపు చూసింది. "ఆ కొండ మీదికి నడిచే వెళ్ళిందా ఈ పిల్ల?" అని మెల్లగా అడిగింది. అవునన్నాను.